పంచాయతీలో కట్టిన ఇల్లు, మునిసిపాలిటీకి కట్టిన పన్ను, ఇప్పుడు జీహెచ్‌ఎంసీ: పాత కాగితాలు చెల్లుతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఒకసారి చెప్తాను, ఎక్కడైనా తప్పుంటే సరిచేయండి. మీ నాన్నగారు 2006లో హైదరాబాద్ శివారు నాగారంలో పంచాయతీ లేఅవుట్‌లో 200 గజాలు కొన్నారు. 2011లో పంచాయతీ పర్మిషన్ తీసుకుని కింద ఒకటి, పైన ఒకటి వేశారు. తర్వాత నాగారం మునిసిపాలిటీ అయింది, 2025 డిసెంబరులో జీహెచ్‌ఎంసీలో, అంటే గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది. ఇప్పుడు మీకు ఇంకో అంతస్తు వేయాలని ఉంది, పక్కనే మీ బావగారికి 150 గజాల ఖాళీ ప్లాటు ఉంది, అర కిలోమీటరు లోపు చెరువు ఉంది. కాలనీలో ఎవరో "పంచాయతీ పర్మిషన్లన్నీ రద్దయ్యాయి, గ్రేటర్ వాళ్లు వచ్చి కొలుస్తారు" అన్నారట, అప్పటి నుంచి ఇంట్లో టెన్షన్. పన్ను ఎంత పెరుగుతుంది, చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు కూల్చే హైడ్రా వస్తుందా, మునిసిపాలిటీలో ఉన్న పాత బకాయి ఏమవుతుంది అని కూడా అడిగారు.

ముందు పరేషాన్ కావద్దు. నేను ముప్పై ఏళ్లకు పైగా మునిసిపల్ ఆఫీసుల్లో పనిచేశాను, గుమాస్తాగా చేరి సూపరింటెండెంట్‌గా దిగాను, ఎక్కువ కాలం రెవెన్యూ సెక్షన్, కొన్నాళ్లు టౌన్ ప్లానింగ్. 2007 ఏప్రిల్‌లో పన్నెండు మునిసిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేసినప్పుడు కలిసిపోయిన ఆఫీసుల్లో ఒకదాంట్లో కూర్చున్నవాణ్ణి. అప్పుడూ ఇదే లొల్లి, ఇవే పుకార్లు.

అన్నిటికీ పనికొచ్చే ఒక్క మాట పట్టుకోండి. ఆఫీసు బోర్డు మీద ఏముందని చూడకండి, కాగితం మీద తేదీ చూడండి. ఆ తేదీన ఏ చట్టం నడుస్తోంది, ఆ చట్టం కింద సంతకం పెట్టినవాడికి ఆ అధికారం ఉందా, ఈ రెండిటికీ అవునని జవాబొస్తే ఆ కాగితం బతికే ఉంటుంది. ఊరు పంచాయతీరాజ్ చట్టం కింద నుంచి తప్పుకుని మునిసిపల్ చట్టం కిందికి వచ్చినా, అక్కడి నుంచి 1955 నాటి జీహెచ్‌ఎంసీ చట్టం కిందికి వచ్చినా, పాత చట్టం కింద సక్రమంగా జరిగిన పనులు చెల్లుతాయి, పాత బాకీలూ అలాగే ఉంటాయి. జనరల్ క్లాజెస్ చట్టం చెప్పేది ఇదే. కొత్తగా చేసే పని మాత్రం ఈ రోజు చట్టం కిందే చేయాలి. మీ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఇక్కడే అయిపోయింది, మిగతాది వివరం.

ఇక అసలు సంగతి, మీ దగ్గర ఉన్న కాగితాలు. మీరు పెట్టిన ఫొటోలో లేఅవుట్ నక్షా మీద సర్పంచ్ సంతకం, గుండ్రటి స్టాంపు ఉన్నాయి. ఆ నక్షాకీ, ఇంటి పర్మిషన్‌కీ ఒకే స్టాంపు ఉంది కదా అని రెండిటినీ ఒకే గాటన కట్టకండి. చిన్న ఇంటికి పర్మిషన్ ఇచ్చే అధికారం పంచాయతీకి ఉండేది. లేఅవుట్‌ని సొంతంగా ఆమోదించే అధికారం మాత్రం లేదు. 2002 నాటి పంచాయతీ లేఅవుట్ నిబంధనల్లోనే టౌన్ ప్లానింగ్ శాఖ సాంకేతిక ఆమోదం తీసుకోవాలని ఉంది, పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో అయితే ఆ సంస్థ ఆమోదం కావాలి. అయినా హైదరాబాద్ చుట్టూ ఎన్ని వేల ఎకరాలు సర్పంచ్ స్టాంపు మీదే అమ్ముడుపోయాయో, రోడ్డుకు పాతిక అడుగులు వదిలి పార్కు అని ఒక మూల పచ్చ రంగు వేసి, తర్వాత ఆ పచ్చ ముక్కనూ అమ్మేసి. అంటే మీ 2011 ఇంటి పర్మిషన్ బలమైన కాగితం, 2006 లేఅవుట్ బలహీనమైన కాగితం. ఇంటికి కాదు, ఇంటి కింద ఉన్న ప్లాటుకు జబ్బు.

ఆ జబ్బుకు మందు ఎల్‌ఆర్‌ఎస్, అంటే ఆమోదం లేని లేఅవుట్ ప్లాట్లను చార్జీలు కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం. చాలామంది అది 2020లో పుట్టిందనుకుంటారు. మొదటిది 2007 డిసెంబరు 31న వచ్చిన 902 జీవో, రెండోది 2015 నవంబరులో వచ్చిన 151 జీవో, మూడోది 2020 ఆగస్టు 31న వచ్చిన 131 జీవో. కాబట్టి ఏమీ చేసే ముందు నాన్నగారి బీరువాలో 2008 నాటి బ్యాంకు చలానో, రసీదో ఉందేమో వెతకండి. ఒక పెద్దాయన ఇలాగే నా దగ్గరికి వచ్చారు, రెండోసారి డబ్బు కట్టడానికి సిద్ధపడి. సేల్ డీడ్ మడతల్లో ఎల్‌ఐసీ బాండు వెనక పిన్ను కొట్టిన ప్రొసీడింగ్స్, అంటే క్రమబద్ధం చేసిన ఉత్తర్వు, దొరికింది, పిన్ను తుప్పు కాగితానికి అంటుకుని సంతకం సగం పోయింది కానీ నంబరు కనిపిస్తోంది. నంబరుంటే చాలు, ఫైలు ఎక్కడున్నా లాగొచ్చు. లాగడానికి ఎన్ని నెలలు పడుతుందన్నది వేరే కథ.

ఇంటి పర్మిషన్ కాగితాన్ని కూడా ఒకసారి మీరే పరీక్ష పెట్టండి. ఎందుకంటే ఊళ్లు మునిసిపాలిటీ అయ్యే ముందు నెలల్లో వెనక తేదీ వేసి పర్మిషన్లు ఇచ్చే వ్యాపారం జోరుగా సాగేది, మీ నాన్నగారికి తెలియకుండానే మేస్త్రీయో పైరవీకారో అలాంటిది తెచ్చి చేతిలో పెట్టి ఉండొచ్చు. పట్టుకోవడం కష్టమేమీ కాదు. 2011 తేదీ ఉన్న కాగితం మీద స్టాంపులో రంగారెడ్డి జిల్లా అని ఉండాలి. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా పుట్టిందే 2016 అక్టోబరు 11న. నా టేబుల్ మీదకు ఒకసారి 2012 పర్మిషన్ వచ్చింది, చక్కటి చేతిరాత, ఫీజు రసీదు కూడా జత చేశారు, స్టాంపులో మాత్రం పుట్టని జిల్లా పేరు. ఇంకొకటి 2013 తేదీతో, పైన తెలంగాణ ప్రభుత్వం అని అచ్చు. తెచ్చినతను మొహం చూసి నాకే నవ్వాగలేదు. నకిలీ అని తేలితే ఇల్లు పర్మిషన్ లేనిదాని కిందే లెక్క, ఆ మాట మనమే ముందు తెలుసుకోవడం మంచిది. మీ ఫొటోలో రంగారెడ్డి జిల్లా అనే ఉంది, రసీదు బుక్కు నంబరు కూడా ఉంది, నాకు అనుమానం రాలేదు.

పర్మిషన్‌లో ఎంత రాశారో అంతే కట్టారా అనేది ఇంకో ప్రశ్న. ముందు ఆరడుగులు వదలాలని రాసి రెండడుగులు వదిలి ఉంటే, పంచాయతీ పర్మిషన్ చెల్లుతుంది, ఆ నాలుగడుగులు చెల్లవు. అంతే తేడా.

ఇప్పుడు పై అంతస్తు. ఇక్కడ ఒక సంగతి చాలామంది గమనించడం లేదు. నాగారం జీహెచ్‌ఎంసీలో కలవడం వల్ల ఇంటి పర్మిషన్ పద్ధతి పెద్దగా మారలేదు. అది మారింది 2020లోనే. 2019లో తెలంగాణ మునిసిపాలిటీల చట్టం వచ్చింది, అది జీహెచ్‌ఎంసీకి బయట ఉన్న పట్టణాలకు. 2020లో ఇంటి పర్మిషన్ల కోసం బీపాస్ చట్టం వచ్చింది, అది జీహెచ్‌ఎంసీ, మునిసిపాలిటీ, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) అందరికీ ఒక్కటే. 2025లో బిల్డ్‌నౌ అని కొత్త పోర్టల్ పెట్టారు కానీ వెనక ఉన్న చట్టం ఆ 2020దే. సెట్‌బ్యాక్‌లు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు లెక్కలు 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168 జీవో నిబంధనల నుంచి వస్తాయి, తర్వాత సవరణలు చాలా జరిగాయి, ఆ నిబంధనలు నాగారం మునిసిపాలిటీగా ఉన్నప్పుడూ ఉన్నవే. కాబట్టి "గ్రేటర్‌లో కలిశాం కాబట్టి రూల్స్ మారాయి, నేను పాత రేటుకు చేయిస్తా" అని ఎవడైనా మీ గడప దగ్గరికి వస్తే మంచినీళ్లు ఇచ్చి పంపించండి.

బీపాస్ లెక్క ఇది. 75 గజాల లోపు ప్లాటులో కింద, పైన కలిపి ఏడు మీటర్ల ఎత్తు లోపు కట్టుకుంటే పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకోవాలి. 500 చదరపు మీటర్ల లోపు ప్లాటు, పది మీటర్ల లోపు ఎత్తు అయితే స్వీయ ధ్రువీకరణ, అంటే మీరే అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసిచ్చి వెంటనే పర్మిషన్ తీసుకోవడం. అంతకు మించితే సింగిల్ విండో, 21 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే 22వ రోజు ఇచ్చినట్టే లెక్క. మీ 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు, జీ+2, అంటే కింద ఒకటి, పైన రెండు, పది మీటర్ల లోపు సరిపెట్టొచ్చు, కాబట్టి మీరు రెండో రకంలోకి వస్తారు.

వినడానికి హాయిగా ఉంది కదా. ఇందులోనే ఉంది చిక్కంతా. పాత రోజుల్లో టౌన్ ప్లానింగ్ ఆయన వచ్చి టేపు పట్టి చూసి, లంచం సంగతి పక్కన పెడితే, ఏదో ఒక కొర్రీ వేసేవాడు. ఆ కొర్రీ మనకు చిరాకు, కానీ తప్పు ముందే బయటపడేది. ఇప్పుడు సంతకం మీది, బాధ్యతా మీదే. పర్మిషన్ వచ్చాక 21 రోజుల్లో వెనక నుంచి పరిశీలన చేస్తారు, అబద్ధం రాసినట్టు తేలితే పర్మిషన్ రద్దు. పర్మిషన్ లేకుండా గానీ, దాన్ని మీరి గానీ కడితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. నేను ఈ చట్టాన్ని మొత్తం మీద మంచిదే అంటాను, కానీ నక్షా గీసే కుర్రాడి చేతిలో పాస్‌వర్డ్ పెట్టి "నువ్వే నింపెయ్ బాబూ" అనేవాళ్లను చూస్తే భయమేస్తుంది. రోడ్డు వెడల్పు దగ్గర సాధారణంగా బోల్తా పడతారు. కాగితం మీద ముప్పై అడుగులు, నేల మీద ఇరవై రెండు. మీ ఇంటి ముందు రోడ్డును ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మీరే టేపుతో కొలిచి, ఆ అంకెనే రాయించండి.

మీరు అప్లై చేసినప్పుడు పోర్టల్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి లేఅవుట్ ఆమోదం నంబరు లేదా ఎల్‌ఆర్‌ఎస్ ప్రొసీడింగ్స్ నంబరు. ఆ బలహీనమైన కాగితం మళ్లీ ఇక్కడ ఎదురొస్తుంది. అందుకే అంతస్తు కంటే ముందు ప్లాటు సంగతి తేల్చుకోమంటున్నాను. పదేళ్లు దాటిన ఇల్లు కాబట్టి స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఒకసారి పునాది, పిల్లర్లు చూపించండి. 2011లో మేస్త్రీ రెండు అంతస్తులకే కడ్డీ వేశాడో మూడింటికి వేశాడో ఏ చట్టమూ చెప్పదు.

బావగారి 150 గజాల సంగతి. 2009లో కొన్నారు, 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్‌ఆర్‌ఎస్‌కు పెట్టారు అన్నారు, బతికిపోయారు. 131 జీవో ప్రకారం 2020 ఆగస్టు 26 నాటికి రిజిస్టర్ అయిన ప్లాట్లే అర్హం, పాతిక లక్షలకు పైగా అర్జీలు వచ్చాయి, ఏళ్ల తరబడి కోర్టు కేసులతో, ప్రభుత్వం మారడంతో మూలన పడి, 2025లో కదిలాయి. అప్పుడు మార్చి 31 లోపు కడితే చార్జీల్లో 25 శాతం తగ్గింపు అన్నారు, ఆ గడువును తర్వాత పొడిగించారు కూడా. 26 ఆగస్టు తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ ఆమోదం లేని లేఅవుట్ ప్లాట్లను రాయడం ఆపేసింది, ఆ ఏడాది డిసెంబరు చివర్లో అప్పటికే ఒకసారి రిజిస్టరైన ప్లాట్లకు సడలింపు ఇచ్చింది. అంటే బావగారు అమ్ముకోవడానికి పెద్ద అడ్డం లేదు, ఇల్లు కట్టడానికే అడ్డం.

ఎంత అవుతుందో చేత్తో లెక్క వేసుకోవచ్చు. 150 గజాలంటే దాదాపు 125 చదరపు మీటర్లు. వంద నుంచి మూడొందల చదరపు మీటర్ల మధ్య ప్లాటుకు మూల రేటు చదరపు మీటరుకు 400 రూపాయలు, అంటే యాభై వేలు. ఇందులో ఎంత శాతం కట్టాలన్నది ప్లాటు విలువను బట్టి ఉంటుంది. 2020 సెప్టెంబరులో సవరించి ప్లాటు రిజిస్టరైన నాటి విలువను తీసుకోమన్నారు. గజం మూడు వేల నుంచి ఐదు వేల మధ్య ఉంటే 30 శాతం, అంటే పదిహేను వేలు. ఇక్కడిదాకా చాలామంది సంతోషపడతారు. తర్వాత వచ్చేది అసలు దెబ్బ, లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ. ఆ విలువను ఆరు లక్షలని లెక్కిస్తే ఎనభై నాలుగు వేలు. అమ్ముకున్నది వెంచర్ వాడు, ఆ పార్కు డబ్బు కట్టేది మాత్రం కొన్నవాడు. ఇది అన్యాయమని నేను సర్వీసులో ఉన్నప్పుడూ అనేవాణ్ణి, ఇప్పుడూ అంటున్నాను, కానీ కట్టక తప్పదు. బావగారికి చెప్పండి, అర్జీ నంబరు వేసి పోర్టల్‌లో స్టేటస్ చూడమని, ఏదైనా కాగితం తక్కువని ఆగి ఉంటే ముందు అది అప్‌లోడ్ చేయమని, డిమాండ్ వచ్చి ఉంటే అందులో ఓపెన్ స్పేస్ లైను విడిగా చదవమని. మీ కాలనీ నక్షాలో పార్కు నిజంగా నేల మీద మిగిలి ఉంటే ఆ ఆధారం జతచేసి ఆ చార్జీ గురించి అడగొచ్చు.

పన్ను గురించి. "గ్రేటర్‌లో కలిస్తే పన్ను మూడింతలు" అని వాట్సాప్‌లో తిరుగుతున్న లెక్కకు తల లేదు తోక లేదు. మునిసిపాలిటీల్లోనూ, జీహెచ్‌ఎంసీలోనూ పన్ను అద్దె విలువ మీదే. తేడా అంతా ఆ ప్రాంతానికి చదరపు అడుగుకు నెల అద్దె ఎంతని నోటిఫై చేస్తారనే దాంట్లో, శ్లాబుల్లో. జీహెచ్‌ఎంసీ పద్ధతి చూపిస్తాను. ఉదాహరణకు 1,200 చదరపు అడుగుల ఇల్లు, చదరపు అడుగుకు నెలకు ఒక్క రూపాయి అనుకుందాం, ఇది లెక్క కోసం నేను వేసుకున్న రేటు, మీ ఏరియా రేటు కాదు. ఏడాదికి 14,400 అద్దె విలువ. నెల అద్దె విలువ 300 రూపాయలు దాటితే పన్ను శ్లాబు 30 శాతం, అంటే 4,320. తరుగుదల పది శాతం తీస్తే 3,888. లైబ్రరీ సెస్సు 8 శాతం కలిపితే దగ్గర దగ్గర 4,200. నోటిఫై చేసిన రేటు తెలిస్తే మీ ఇంటికి మీరే ఇలా వేసుకోండి. బిల్ కలెక్టర్ నోటిమాట రేటు కాదు, కాగితం మీద ఉన్న రేటు.

ఇంకో రెండు చిన్న విషయాలు. పర్మిషన్ లేని అంతస్తుకు రెట్టింపు పన్ను వేస్తారు, కొందరు అది కట్టిన రసీదు చూపించి "చూశారా, మా అంతస్తు రెగ్యులర్ అయిపోయింది" అంటారు. అవ్వదు. పన్ను కట్టించుకోవడం వేరు, కట్టడాన్ని ఒప్పుకోవడం వేరు, కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. రెండోది, ఏప్రిల్‌లో ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కడితే జీహెచ్‌ఎంసీ 5 శాతం తగ్గింపు ఇస్తూ వస్తోంది. మీకు బకాయి లేకపోతే అది వదులుకోకండి.

మీకు ఉంది కదా బకాయి. రెండేళ్లది. మునిసిపాలిటీ పోయింది కాబట్టి అది కూడా పోయిందని మీ పక్కింటాయన అన్నాడట. అలా పోయే పనైతే 2007లోనే సగం శివార్లు పండగ చేసుకునేవి. ఆస్తులు, అప్పులు, రావలసినవి, ఇవ్వవలసినవి అన్నీ కొత్త సంస్థకు దాఖలు పడతాయి. జీహెచ్‌ఎంసీ చట్టం కింద ఆలస్యానికి నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, అది గోరుచుట్టు మీద రోకటి పోటు. పాత బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ పథకం 2020లో ఒకసారి, 2022లో ఒకసారి, ఆ తర్వాత కూడా పెట్టారు కాబట్టి కొందరు దాని కోసమే ఎదురుచూస్తుంటారు. రెండేళ్ల బకాయికి ఆ జూదం అవసరం లేదు, కట్టేయండి.

కట్టే ముందు మాత్రం ఒకటి చేయండి, ఇది నా స్వానుభవం. కలిపేటప్పుడు ఎక్కువగా పోయేవి హక్కులు కావు, పేర్లు. 2007లో మా ఆఫీసుకు పక్క ఊరి డిమాండ్ రిజిస్టర్లు, అంటే ఎవరు ఎంత పన్ను కట్టాలో రాసే పుస్తకాలు, ట్రాలీ ఆటోలో దుప్పట్లో కట్టి తెచ్చారు. విప్పితే రెండు పుస్తకాలకు అట్టలు లేవు, ఒకదాంట్లో వాన తడికి పేజీలు అతుక్కుపోయాయి. ముగ్గురం కూర్చుని బ్లేడుతో పేజీలు విడదీస్తూ కంప్యూటర్ కుర్రాడికి పేర్లు చదివి చెప్పేవాళ్లం. వాడు ఎం. నర్సయ్యను ఎన్. మర్సయ్య చేశాడు, ఒకాయన ఇంటి నంబరులో బై తర్వాత అంకె ఎగిరిపోయి పక్కింట్లో కలిసింది. చివరికి మా ఇంటికీ తగిలింది. మా ఆవిడ పేరు మీద మ్యుటేషన్ అయి ఉన్న ఇల్లు కొత్త జాబితాలో మళ్లీ అమ్మినవాళ్ల పేరు మీదకు వెళ్లిపోయింది, దానికి తోడు వేరే అసెస్‌మెంట్ నంబరుతో ఇంకోటి పుట్టింది, ఒక ఏడాది రెండిటికీ పన్ను కట్టాను. ఆఫీసులో పనిచేసేవాడికే అది సరిచేయించుకోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

అందుకని మీరు ఈ వారమే జీహెచ్‌ఎంసీ ఆన్‌లైన్‌లో మీ ఇంటి నంబరు, యజమాని పేరు, ప్లింత్ ఏరియా (కట్టిన విస్తీర్ణం), కొత్త పీటీఐఎన్ (ఆస్తిపన్ను గుర్తింపు) నంబరు ఎలా ఎక్కాయో చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మునిసిపాలిటీకి కట్టిన చివరి మూడేళ్ల రసీదులు, పంచాయతీ నాటి ఇంటిపన్ను రసీదు ఒక్కటైనా, రంగు జిరాక్స్ తీయించండి. పాత థర్మల్ రసీదులు తెల్లబడిపోతాయి, ఇప్పటికే సగం మాసిపోయి ఉంటాయి. బకాయిలో ఏదైనా ఏడాది మీరు కట్టినా పడలేదని చూపిస్తే ఆ రసీదు జతచేసి రాతపూర్వకంగా ఇచ్చి, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. నోటితో చెప్పి రాకండి.

ఇక హైడ్రా. 2024 జులై 19న 99 జీవోతో ఏర్పాటైంది, ఔటర్ రింగ్ రోడ్డు దాకా పరిధి. కాబట్టి నాగారం మునిసిపాలిటీగా ఉన్నప్పుడు కూడా దాని కిందే ఉంది, కలిసినందుకు కొత్తగా వచ్చి పడిందేమీ లేదు. మొదట్లో దీనికి చట్టబలం ఏదని హైకోర్టులో గట్టి ప్రశ్నలే వచ్చాయి. ఆదివారం పూట అమీన్‌పూర్‌లో కూల్చినందుకు అదే ఏడాది సెప్టెంబరు చివర్లో హైకోర్టు అధికారులను కడిగేసింది. తర్వాత అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చి జీహెచ్‌ఎంసీ చట్టంలో, హైడ్రాకు అధికారాలు అప్పగించే వీలు కల్పిస్తూ, 374బి సెక్షన్ చేర్చారు. నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ కేసులో పదిహేను రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి అంది. అయితే ఆ రక్షణ రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు లాంటి చోట్ల కట్టినవాటికి లేదని కూడా అదే తీర్పులో ఉంది. ఆ రెండో వాక్యం ఎవరూ వాట్సాప్‌లో పెట్టరు.

మీకు కావలసింది ఒక్కటే, మీ సర్వే నంబరు చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) గానీ బఫర్‌లో (ఆ హద్దు చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా) గానీ ఉందా. 2012 నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు, పది మీటర్లకు మించి వెడల్పున్న వాగులు, కాలువలు, నాలాలకు 9 మీటర్లు, అంతకంటే సన్నవాటికి 2 మీటర్లు. మీ ఇంటికీ చెరువుకూ మధ్య నాలుగు వందల మీటర్లు ఉన్నాయి అన్నారు. నీళ్ల నుంచి కొలిచారా, ఎఫ్‌టీఎల్ నుంచి కొలిచారా? వేసవిలో నీళ్లు ఎక్కడో కుంటలా మిగులుతాయి, గీత మాత్రం చెరువు నిండినప్పటి మట్టం. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో మ్యాపులు ఉన్నాయి, సర్వే నంబర్ల మీద ఎఫ్‌టీఎల్ గీసి ఉంటుంది, నోటిఫికేషన్ ప్రాథమికమా తుదిదా అనేది కూడా చూడండి. ప్రాథమికం అయితే అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఉంటుంది. చెరువు కంటే మీ వీధి వెనక పారే నాలా సంగతి ముందు చూడండి, మీ ఫొటోలో ప్రహరీ వెనక కనిపిస్తోంది. నాగారం లాంటి చోట్ల చెరువు దూరంగా ఉండి, దాని అలుగు నీళ్లు పోయే కాలువ ఇంటి గోడను ఒరుసుకుని పోవడం నేను చాలా చూశాను.

నదుల విషయంలో ఒక తమాషా ఉంది, మీకు సంబంధం లేదు కానీ చెప్పకుండా ఉండలేను. అదే 2012 నిబంధనల్లో నది గట్టు నుంచి మునిసిపల్ హద్దుల బయట 100 మీటర్లు, హద్దుల లోపల 50 మీటర్లు వదలాలని ఉంది. అంటే ఊరు పట్టణంలో కలిసిన రోజున నది కదలదు, గీత కదులుతుంది.

ఎవరిని కలవాలని అడిగారు. కౌన్సిలర్‌ను వెతక్కండి, మునిసిపాలిటీల పాలకవర్గాల గడువు 2025 జనవరిలోనే ముగిసింది. 27 పట్టణ సంస్థలు, అంటే ఇరవై మునిసిపాలిటీలు, ఏడు కార్పొరేషన్లు కలిపాక వార్డులను 150 నుంచి 300 చేస్తూ కొత్త హద్దులు గీశారు. సర్కిళ్లు, జోన్లు కూడా కొత్తవి, రేపు ఇంకోసారి విడదీసి పేరు మార్చినా ఆశ్చర్యపోను. అందుకే మనిషిని నమ్ముకోకుండా మీ ఇల్లు ఏ సర్కిల్ కిందకు వస్తుందో తెలుసుకుని, ఆ డిప్యూటీ కమిషనర్ పేరు మీద కాకుండా హోదా మీద అర్జీ రాయండి. టౌన్ ప్లానింగ్ పని ఆ సర్కిల్ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో, పన్ను పని రెవెన్యూ సెక్షన్‌లో. రెండూ ఒకే అర్జీలో రాస్తే రెండు సెక్షన్ల మధ్య బంతాట ఆడతారు, విడివిడిగా రాయండి.

మీ 2011 పర్మిషన్ ఫైలు, పంచాయతీ లేఅవుట్ రిజిస్టరు ఎక్కడున్నాయో తెలియకపోతే ఆర్‌టీఐ వేయండి. ఇక్కడ కూడా ఊరు మారిన గుర్తు కనిపిస్తుంది. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి ఆఫీసుకు ఆర్‌టీఐ ఫీజే లేదు, మండల స్థాయికి ఐదు రూపాయలు, మిగతా చోట్ల పది. నాగారం పంచాయతీగా ఉన్నప్పుడు మీ నాన్నగారు ఊరికే అడగగలిగేవారు, ఇప్పుడు మీరు పది రూపాయలు కట్టాలి. అర్జీలో "మా పర్మిషన్ చెల్లుతుందా" అని అడగకండి, అది అభిప్రాయం కిందకు వస్తుంది, తిప్పి పంపేస్తారు. "ఫలానా తేదీ, ఫలానా నంబరు పర్మిషన్ ఫైలు నకలు, ఆ రసీదు నంబరు పడిన క్యాష్ బుక్కు పేజీ నకలు ఇవ్వగలరు" అని అడగండి. క్యాష్ బుక్కు పేజీ అడగడం మరిచిపోవద్దు, ఫైలు పోయినా ఆ పుస్తకం ఎక్కడో ఒకచోట ఉంటుంది, ఆడిట్ వాళ్లకు చూపించాలి కాబట్టి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, వచ్చాక ఆ కాగితాలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.